ఈతకొలను భద్రతా కమిటీ వారి నివేదిక

ఇందుమూలముగా అపార్టుమెంటు వాసులకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మన ఈతకొలను ఇకమీదట పూర్తిగా సురక్షితం. ఎందుకంటే పన్నెండడుగుల హెచ్చరిక బోర్డు పెట్టారు. 'పిల్లల మీదనుంచి చూపు తిప్పకండి' అన్న అక్షరాలు వీధి చివరికి కూడా కనిపిస్తాయి. బోర్డు వెనకున్న కొలను మాత్రం కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు కనిపించదు. అన్నీ కావాలంటే ఎలా?

ఈ ఘనకార్యమంతా కార్యదర్శిగారిది. ప్రథమచికిత్స శిక్షణకు వెళ్లడానికి సభ్యుల్లో ఒక్కరికీ తీరిక లేకపోతే, కొలను శుభ్రం చేసే ఆవిడను పంపి, హాజరుపట్టీలో ముప్పై సంతకాలూ ఆవిడచేతే పెట్టించిన సమర్థుడాయన.

ప్రారంభోత్సవం నాడు, దానంతటదే మూసుకునే గేటు ఫొటోలకు అడ్డొస్తోందని కుర్చీ ఆనించి తెరిచి ఉంచారు. కార్యదర్శిగారు కోడల్ని పిలిచి, "అమ్మాయ్, అందరికీ టీలు పట్రా. పాపను నేను చూసుకుంటాగా" అన్నారు. మూడేళ్ల మనవరాలంటే ఆయనకు పంచప్రాణాలు. ఆ పంచప్రాణాలనూ పక్కన నిలబెట్టి మైకు అందుకున్నారు.

"పిల్లలు మునిగేటప్పుడు కేకలు వెయ్యరండీ! చప్పుడే ఉండదు! రెప్పపాటు చాలు!"

చప్పట్లు మోగాయి. పాపం, ఆయన చెప్పిందంతా నిజమే. పాప కేకా వేయలేదు, చప్పుడూ చేయలేదు.

చూసింది బోర్డుకు అవతల ఆకులు ఏరుతున్న, కొలను శుభ్రం చేసే ఆవిడ ఒక్కతే. కట్టుకున్న చీరతోనే దూకింది. పైకి తెచ్చేసరికి పాపకు ఊపిరి లేదు. నలభైమంది పెద్దలూ నలభై సలహాలతో మూగారు. "కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పండి!" అన్నారు అధ్యక్షులవారు.

"తప్పుకోండయ్యా! ఎవరైనా ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యండి!" అని ఆవిడ గద్దించింది. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది, ఛాతీ నొక్కింది, మళ్లీ ఊదింది. పాప నీళ్లు కక్కి కెవ్వుమంది. కార్యదర్శిగారు జన్మలో మొదటిసారి మైకు లేకుండా, అందరి ముందూ భోరున ఏడ్చారు.

పాప ఆసుపత్రినుంచి క్షేమంగా వచ్చాక కమిటీ సమావేశమైంది. బాధ్యులెవరో తేల్చాలి కదా! ఆ రోజు టీలు తాగినవాళ్లంతా తీవ్రంగా ఆలోచించారు. 'నేనే' అన్న మాట కార్యదర్శిగారి గొంతుదాకా వచ్చింది. మింగేశారు. ముత్యాల్లాంటి దస్తూరీతో నివేదికలో "కారణం: తల్లి అజాగ్రత్త" అని రాశారు. సభ్యులంతా సంతకాలు పెట్టారు.

పాఠకులు మొహమాటపడనక్కర్లేదు. పాప నీళ్లలో పడిందనగానే 'వాళ్లమ్మ ఏం చేస్తోందో!' అనుకున్నారుగా, మీ సంతకానికి కూడా కింద చోటు వదిలారు.