కర్చీఫ్ వేసిన కంప్యూటర్లు

మన విశ్వవిద్యాలయపు ఉమ్మడి కంప్యూటర్ కేంద్రానికి వరసగా మూడో ఏడు కూడా 'సంపూర్ణ వినియోగ పురస్కారం' దక్కిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఏ విశ్వవిద్యాలయమని మాత్రం అడక్కండి. విశాఖలో అలాంటివి చాలానే ఉన్నాయి, అన్నిటికీ పరువుంది.

కేంద్రమంటే సముద్రం కనబడే గదిలో పన్నెండు పెద్ద యంత్రాలు. పరిశోధకులు అక్కడిదాకా రానక్కర్లేదు. ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని, బ్రౌజర్లో నోట్‌బుక్ అనే పేజీ తెరిస్తే చాలు. అందులో గళ్లుంటాయి. గడిలో ప్రోగ్రాం రాసి మీట నొక్కితే, లెక్కంతా ఆ యంత్రం చేసి జవాబు ఇక్కడికి పంపుతుంది. నోట్‌బుక్ తెరిచి ఉన్నంతసేపూ ఆ యంత్రం తెరిచినవారి సొంతం. నిబంధనల పుస్తకంలో అందరూ శ్రద్ధగా చదివిన వాక్యం ఇదొక్కటే.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టిన జాతి మనది. మనకు ఒకరు నేర్పాలా? గంటసేపు ఏ పనీ జరగకపోతే నోట్‌బుక్ దానంతటదే మూసుకుపోతుంది గనక, పెద్దలు దానికో చిన్న ప్రోగ్రాం కనిపెట్టారు. 'పది నిమిషాలు నిద్రపో, లే, మళ్లీ నిద్రపో.' దీని పేరే కర్చీఫ్. కేంద్రం చరిత్రలో ఒక్క తప్పూ లేకుండా నడిచిన ప్రోగ్రాం ఇదే. ఎందుకు వేశారంటే అందరిదీ ఒకటే మాట, ఎందుకైనా మంచిదని.

నర్గీస్‌కు ఈ విద్య ఎవరూ ఉపదేశించలేదు. పాత ఊళ్లో లుంగీల కొట్టు నడిపే హుస్సేన్ బాషా కూతురు. ఓడలు రేవులో చోటు కోసం బయట సముద్రంలో ఎంతకాలం లంగరేసుకుని పడి ఉంటాయన్నది ఆమె పరిశోధనాంశం. లెక్క సిద్ధంగా ఉంది. దాన్ని ఏకబిగిన ఏడు గంటలు నడిపితే చాలు, థీసిస్ పూర్తవుతుంది. ఆ ఏడు గంటల కోసం ఎనభైమూడు రోజులుగా ఎదురుచూస్తోంది. రోజూ పొద్దున్నే తెర మీద 'ఖాళీ: 0' అని చదివి, కిటికీలోంచి ఓడల వంక చూసేది. వాటి బాధ ఆమెకు బాగా అర్థమయ్యేది.

యంత్రాలు పట్టినవారిని ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ "రన్నింగ్‌లో ఉందమ్మా" అన్నారు. చివరికి కేంద్రం సంచాలకులు ఆచార్య శ్రీరామ్మూర్తిగారికి అర్జీ పెట్టుకుంది. పన్నెండో యంత్రం వారిదే. వారు లేచి నిలబడి, వింటున్నది ఒక్కతే అయినా సభకు చెప్పినట్టే చెప్పారు.

"చూడమ్మా! మన కేంద్రంలో ఖాళీ అన్న మాట లేదు. ఖాళీ లేకపోవడమే అభివృద్ధి. ఆస్పత్రిలో మంచాలు ఖాళీ లేవంటే వైద్యం జోరుగా సాగుతోందనే కదా అర్థం! నువ్వు ఎదురుచూడ్డం మీదే పరిశోధన చేస్తున్నావు. నీకీ అనుభవం ఉచితంగా కల్పిస్తున్నాం."

నర్గీస్ నమస్కారం పెట్టి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. శుక్రవారంతో ఆమె గడువు ముగుస్తుంది. ఆ తర్వాత రిజిస్ట్రేషనే రద్దు.

మంగళవారం పొద్దున పది గంటలకు కరెంటు పోయింది. బ్యాటరీలు కూడా విశ్రాంతి పాటించడంతో పన్నెండు నోట్‌బుక్కులూ ఒక్కసారే మూసుకుపోయాయి. పదిన్నరకు కరెంటొచ్చిన రెండు నిమిషాల్లో పదకొండు కర్చీఫ్‌లు తిరిగి పడ్డాయి. పన్నెండోది పడలేదు. శ్రీరామ్మూర్తిగారు తగరపువలసలో పెళ్లిలో అక్షింతలు వేస్తున్నారు. 'ఖాళీ: 1' అని కనబడగానే నర్గీస్ నోట్‌బుక్ తెరిచింది. మీట నొక్కింది.

పావుగంటకల్లా యంత్రాల గదిలోంచి పెద్ద హోరు. పని చేసే యంత్రం వేడెక్కుతుందనీ, లోపలి ఫ్యాన్లు జోరందుకుంటాయనీ ఆ భవనంలో ఎవరికీ అనుభవం లేదు. గది గుమ్మంలో నిలబడి చూస్తున్న నర్గీస్ దగ్గరికి అటెండరు పైడయ్య చీపురుతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"ఏటమ్మా ఇది! పేలిపోద్దేటి? మూడేళ్లబట్టి ఊడుత్తన్నాను, ఇది ఏనాడూ కిక్కురుమన్లేదు! ఏటి సేసీసినావు?"

"పని చేయిస్తన్నాను బాబాయ్."

"పనా? దీంతోనా?"

"ఏడు గంటలు. మధ్యలో ఆపితే అంతా పోద్ది. నా చదువు కూడా."

పైడయ్య ఆమె మొహం చూశాడు. ఈలోగా ఎవరో సంచాలకులకు కబురు చేరవేసినట్టున్నారు, వారు పెళ్లిలోంచే అతనికి ఫోన్ చేసి తక్షణం ఆపేయమని ఉత్తర్వు జారీ చేశారు. "ఆపేత్తన్నాను సార్" అని ఫోన్ పెట్టేసి, వరండాలోని పెడస్టల్ ఫ్యాను తెచ్చి యంత్రం ముందు పెట్టాడు.

"బోయినాలు సేసి, సారొచ్చేసరికి సాయంత్రమవుద్ది. కానీయమ్మా."

అయిదున్నరకు లెక్క పూర్తయింది. ఆరింటికి సంచాలకులు వచ్చారు. బుధవారం మెమో వచ్చింది: 'సదరు విద్యార్థిని సంస్థకు చెందిన కంప్యూటరుచే ముందస్తు అనుమతి లేకుండా పని చేయించి, తద్వారా దానికి శ్రమ కలిగించినందున, సంజాయిషీ ఇవ్వవలెను.' గురువారం విచారణ సంఘం కూర్చుంది. ఆమె తప్పు ఒప్పుకున్నందున హెచ్చరికతో వదిలేసింది. యంత్రాలు పని చేయగలవని ఎట్టకేలకు రుజువైనందుకు శ్రీరామ్మూర్తిగారిని అభినందించింది. పన్నెండో యంత్రం ఆమెకే వదిలేయడానికి వారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. శిష్యుల పేర్ల మీద వారికి ఇంకా మూడున్నాయి.

శుక్రవారం నర్గీస్ థీసిస్ ఇచ్చేసింది.

అయిదు నెలలకు ఆమెకో సందేశం వచ్చింది. పంపింది కీర్తన, ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చే జూనియరు. 'అక్కా, పన్నెండోది వాడతన్నారా? నాకు ఏడు గంటలు సాలు. సోమవారంతో గడువైపోద్ది.'

నర్గీస్ కిటికీలోంచి చూసింది. సరుకు దించేసిన ఓడ ఒకటి రేవులోంచి బయటికి వెళ్తోంది, ఆ చోటుకు ఇంకోటి లోపలికి వస్తోంది. ఆమెకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. నోట్‌బుక్ మూసే మీట దాకా వేలు వెళ్లింది కూడా. మౌఖిక పరీక్షలో ఏదైనా సవరణ అడిగితే? మళ్లీ ఎనభైమూడు రోజులు? తెర మీద ఆమె ప్రోగ్రాం పది నిమిషాల నిద్ర ముగించుకుని లేచి, మళ్లీ పడుకుంది. ఎందుకైనా మంచిదనుకుంది.

'రన్నింగ్‌లో ఉందమ్మా' అని రాసింది.

నర్గీస్‌ను ఏమీ అనకండి. ఇది బస్సులో చదువుతున్నట్టయితే, ముందు పక్క సీట్లో పెట్టిన మీ సంచి తీసి ఒళ్లో పెట్టుకోండి. మీ పక్కన ఆవిడెవరో ఇందాకట్నుంచీ నిలబడే ఉంది.