కల్‌ప్రిట్ కుర్చీ

లోకంలో పాడైన ఏ వస్తువునైనా బాగుచెయ్యవచ్చు, కాకపోతే ముందు దాన్ని ఒక మనిషి పాడుచేసి ఉండాలి. ఈ సత్యం కనిపెట్టిన నీటి సరఫరా కార్యాలయంవారు హాలు మధ్య ఒక కుర్చీ వేసి, వెనక ‘కల్‌ప్రిట్’ అని రాయించారు. అందులో ఎవరో ఒకరు కూర్చుంటే గాని ప్లంబరు పానా ముట్టడు. (కూర్చునేవాళ్లు లేక పానా తుప్పు పట్టింది. తుప్పుకు కారకులెవరన్నది విచారణలో ఉంది.)

వీధంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడకు ఈ సంగతులేం తెలుసు? కుళాయి ఎండిపోయింది, కోడలు బాలింత, ఇంట్లో పసిదాని బట్టలు గుట్టపడ్డాయి. వరుసలో నిలబడి నిలబడి మోకాళ్లు మొరాయిస్తే, అంత హాల్లోనూ ఖాళీగా ఉన్న ఆ ఒక్క కుర్చీలో కూలబడింది.

ప్లంబరు పానా తీసుకుని వీధి దారి పట్టాడు. తప్పుల నిర్ధారణాధికారి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

“నేనేం చెయ్యలేదు నాయనా, మోకాళ్ల నొప్పులు” అంది పెద్దమ్మ.

ఆయన ముఖం చాటంత అయింది. కల్‌ప్రిట్ అన్న పదం పుట్టిందే ‘నేనేం చెయ్యలేదు’ అన్న మాట దగ్గర అన్నాడు. పూర్వం ఇంగ్లీషు కోర్టులో ఎవడైనా నేను చెయ్యలేదంటే, గుమాస్తా లేచి ‘చేశావు, రుజువుకు మేం సిద్ధం’ అనేవాడట. ఆ మాటల్ని పొట్టిగా గీకి అతికిస్తే కల్‌ప్రిట్ అయిందట. పోనుపోను అది ఎదురుగా నిలబడ్డవాడికే పేరైపోయిందట.

“రుజువు కాకముందే పేరు పెట్టేశారా?”

“పేరుంటేనే కదా పెద్దమ్మా, పిలిచి రుజువు చేసేది!”

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనుకుని లేవబోయింది. వెనక బకెట్లవాళ్లంతా బతిమాలారు, లేస్తే ప్లంబరు ఆపేస్తాడని. కోడలు గుర్తొచ్చి, తప్పు నాదేలే అని సర్దుక్కూచుంది.

కబురు పాకింది. పక్క వీధులవాళ్లు వచ్చి, మా పైపు కూడా నేనే పగలగొట్టానని ఒక్క మాట అనండి, మీకు పుణ్యం ఉంటుంది అన్నారు. మొహమాటానికి పోయి సగం ఊరి పైపులు ఒప్పుకుంది. (ఒకటి ఆవిడ పుట్టకముందే పగిలింది. అధికారి దాన్ని వంశపారంపర్యం కింద సర్దాడు.)

ఇన్ని నేరాల బరువు ఆగక కుర్చీ కాలు పుటుక్కుమంది. పెద్దమ్మ నేలమీద చతికిలబడింది. కబురందగానే ప్లంబరు, పెద్దమ్మ కుళాయికి ఇంకొక్క మర బిగించాల్సి ఉండగా, పానా కింద పెట్టేశాడు.

“అదీ నేనే విరగ్గొట్టాను బాబూ. రాసుకుని కుర్చీ బాగుచేయించు.”

“సంతోషం పెద్దమ్మా. కానీ ఆ మాట కుర్చీలో కూర్చుని చెప్పాలి.”

కుర్చీ లేదు గనక ఆ ఏడాది ఊళ్లో కల్‌ప్రిట్లు లేరు. కల్‌ప్రిట్లు లేరు గనక ఏ కుళాయీ పాడైనట్టు కాదు. అందుకుగాను కార్యాలయానికి బహుమతి వచ్చింది. సన్మాన సభకు పెద్దమ్మను కూడా పిలిచారు, తాగే నీళ్లు మాత్రం ఇంటినుంచి తెచ్చుకోమన్నారు.