శుక్లాల కప్పు ఫైనల్

దేశంలో ఇకమీదట ఎవరూ అర్జీలు పెట్టుకోనక్కర్లేదనీ, కావలసింది ఆడి గెలుచుకోవచ్చనీ ఆరోగ్య, క్రీడా శాఖల మంత్రిగారు ప్రకటించారు.

ఆ రెండు శాఖలూ ఆయనవే. మంత్రివర్గం పంపకాల్లో చివరికి ఎవరికీ అక్కర్లేక మిగిలినవి అవి. రెంటినీ కలిపే సూత్రం కోసం ఆయన చాలాకాలం ఆలోచించారు. అంతర్జాతీయ క్రికెట్ టోర్నీ క్వార్టర్ ఫైనల్ రోజున అది దొరికింది. ఆ రోజు మన జట్టు చిత్తుగా ఓడింది. దేశమంతా తల పట్టుకుని కూర్చుంటే మంత్రిగారొక్కరే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"చూశారా!" అన్నారు మర్నాడు విలేకరులతో. "పదకొండుమంది ఓడారు. ఒక్కడైనా ధర్నా చేశాడా? మళ్ళీ ఆడించమని కాగితం పెట్టాడా? కిట్టు భుజాన వేసుకుని, నోరు మూసుకుని, విమానమెక్కారు. నాకౌట్ గొప్పతనం గెలిచినవాడిలో లేదయ్యా! ఓడినవాడు కిక్కురుమనకుండా ఇంటికెళ్ళడంలో ఉంది. మన పరిపాలనలో లేనిది అదే."

ఆసుపత్రుల్లో డాక్టర్లు చాలడంలేదు కదా, దాని మాటేమిటని ఒక విలేకరి అడిగాడు.

"వాళ్ళకీ నాకౌటే. ఆసుపత్రికి ఒక్కడే మిగులుతాడు. ఛాంపియన్! నీకు ఛాంపియన్ వైద్యం కావాలా, పదిమంది మామూలోళ్ళ వైద్యం కావాలా?"

విలేకరికి ఛాంపియనే మెరుగనిపించింది. కూర్చున్నాడు.

ఈ వార్తను అంపైరుకు ఆయన భార్య చదివి వినిపించింది. అంపైరు తనంతట తాను చదువుకోలేడు. రెండు కళ్ళకీ శుక్లాలు. క్లబ్బు మ్యాచ్‌లకు తెల్లకోటు వేసుకుని నిలబడడమే ఆయన బతుకుతెరువు. ఔటివ్వడంలో ఆయనది ఒక పద్ధతి. తొందరపడడు. బౌలరు అరిచి అరిచి అలిసిపోయాక, ఎవరి ముఖమూ చూడకుండా, చూపుడువేలు మెల్లగా పైకెత్తుతాడు. ఎత్తిన వేలు దించిన రోజు లేదు. పోయిన సీజన్ చివరి మ్యాచ్‌లో అలాగే వేలెత్తి వికెట్ కీపర్‌ను ఔటిచ్చాడు. కీపరు పెద్దల మాట కాదనే మనిషి కాదు. గ్లవ్స్ విప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే క్లబ్బు కార్యదర్శి ఇంటికొచ్చాడు. "అన్నా, నీమీద గౌరవం లేక కాదు. వచ్చే సీజన్‌కి చూపుతో రా. లేకపోతే ఆ కోటు ఇంకొకరికిచ్చేద్దాం" అన్నాడు. కోటు కొలతలు కూడా చూసుకుని వెళ్ళాడు.

అందుకని ఉచిత ఆపరేషన్‌కు అంపైరు ఈ ప్రకటనకు ముందే అర్జీ పెట్టి ఉన్నాడు. ఆ ఏడాదికి ఆపరేషన్ ఒక్కటి. అర్జీదారులు ఎనిమిదిమంది. సరిగ్గా క్వార్టర్ ఫైనల్స్‌కు సరిపడా ఉన్నారని మంత్రిగారు మురిసిపోయారు. దీనికి శుక్లాల కప్పు అని తానే పేరు పెట్టారు.

పోటీలు ఆరోగ్యశాఖ కార్యాలయం మీటింగు హాల్లో. గోడకు అక్షరాల పట్టిక కట్టారు. పైన గుమ్మడికాయంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ ఆవగింజలు. మంత్రిగారి పి.ఏ. నిబంధనలు వివరించాడు.

"ఎవరు ఎక్కువ వరుసలు చదివితే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు ఎడమ తలుపులోంచి వెళ్ళిపోవాలి."

"అయ్యా, ఆపరేషన్ కనపడనివాడికి కదా?" అన్నాడు అంపైరు.

"కనపడనివాడికి చేస్తే, తీరా కనపడకపోతే? మా సక్సెస్ రేటు ఏం గాను? బాగా కనపడేవాడికి చేశామనుకో, గ్యారంటీగా కనపడుతుంది. ప్రతిభకు పట్టం కట్టడమంటే ఇదే. నోరు మూసుకుని లైన్లో నిలబడు."

అంపైరు నిలబడ్డాడు. నిలబడడం ఆయనకు కొత్త కాదు.

క్వార్టర్ ఫైనల్లో ఆయనకు ఎదురుపడ్డది ఒక ముసలి టైపిస్టు. పాపం, ఆయనకు పట్టిక కాదు కదా, గోడే దొరకలేదు. కాసేపు ఫ్యాను చప్పుడు వైపు చూసి, దానికే దణ్ణం పెట్టి, ఎడమ తలుపనుకుని బీరువా తెరిచాడు. అంపైరు పై అక్షరం ఒక్కటి పోల్చుకుని గెలిచాడు. అందరికంటే ఎక్కువ అవసరమున్న మనిషిని మొదటి రౌండ్లోనే గుర్తించి పంపేయగలిగినందుకు పి.ఏ. హర్షం ప్రకటించాడు.

రెండో వైపు పోటీలు అసలు జరగనేలేదు. వర్షం వల్ల రద్దయ్యాయని ప్రకటించారు. బయట ఎండ మండిపోతోంది, పోటీ జరిగేది కప్పు కింద. అయినా నిబంధన నిబంధనే. ఆట సాగనప్పుడు పేర్ల జాబితాలో పైనున్నవాళ్ళు ముందుకు వెళతారు. అటువైపు పైనున్న పేరు మంత్రిగారి అత్తగారిది. ఆవిడ ఇంట్లో కూర్చునే ఫైనల్‌కు వచ్చేసింది.

"వాన పడిందటండీ" అంది అంపైరు భార్య ఇంటికి వెళుతూ.

"ఎక్కడ?"

"ఆవిడ దారిలో."

అంపైరు భార్య వంటింటి మనిషే గాని వట్టి మనిషి కాదు. క్వార్టర్ ఫైనల్ నడుస్తున్నంతసేపూ హాల్లో నిలబడి పట్టికంతా బట్టీపట్టింది. ఆ రాత్రి నుంచి మొగుడికి పాఠం మొదలుపెట్టింది.

"మూడో వరుస చెప్పండి."

"ఠ, ప, గ, మ."

"మ కాదు, వ. వంకాయలో వ. ఇంత వయసొచ్చి నాలుగక్షరాలు రాకపోతే ఎలా?"

"చిన్నప్పుడు మా పంతులు కొట్టి నేర్పాడే."

"గరిటె ఇక్కడే ఉంది, ఆ లోటెందుకు?"

సెమీఫైనల్లో పోస్టుమాన్ మూడు వరుసలు చదివాడు. అంపైరు నాలుగు అప్పజెప్పాడు. పోస్టుమాన్ చేయి కలిపి, "నీకు నాకంటే బాగా కనపడుతోంది, నీకే దక్కాలి" అని మనస్ఫూర్తిగా అని, ఎడమ తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఓడినవాడు ఇలా ఉండాలని మర్నాడు పేపర్లో మంత్రిగారి ప్రశంస వచ్చింది.

శుక్లాల కప్పు ఫైనల్‌ను క్రికెట్ టోర్నీ ఫైనల్ రోజే పెట్టారు. అక్కడ ఇన్నింగ్స్‌కూ ఇన్నింగ్స్‌కూ మధ్య విరామంలో ఇక్కడ పోటీ. హాల్లో పెద్ద టీవీ. కెమెరాలు. మంత్రిగారు స్వయంగా వస్తున్నారని ఉదయం ఒక చిన్న మార్పు చేశారు. ఎదుటి గోడ మీద పట్టిక తీసేసి, అక్కడ నేల నుంచి కప్పుదాకా మంత్రిగారి ఫ్లెక్సీ కట్టారు. పట్టికను పక్కగోడకు మార్చారు.

ఈ సంగతి అంపైరుకు ఎవరూ చెప్పలేదు. ఆయన భార్యను గుమ్మం దగ్గరే ఆపేశారు.

పి.ఏ. పేరు పిలవగానే అంపైరు అలవాటైన చోటికి వెళ్ళి, అలవాటైన గోడ వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఏదో పెద్ద తెల్లటి మబ్బు. అది మంత్రిగారి చొక్కా. దాన్ని చూస్తూ మొదలుపెట్టాడు. గుమ్మడికాయ నుంచి ఆవగింజ దాకా ఒక్క అక్షరం తడబడకుండా చదివాడు. వరుసలు అయిపోయినా ఆగలేదు. "ఈ పట్టికను మడవరాదు, తడి తగలనీయరాదు" అని అట్టడుగున ఉన్నది కూడా చదివాడు. భార్య ఏదీ వదలలేదు మరి.

ఒక గుమాస్తా పి.ఏ. చెవిలో, "సార్, పట్టిక ఇటుంది. ఆయన అటు చదువుతున్నాడు" అన్నాడు.

"అటు ఎవరున్నారు?"

"మంత్రిగారు."

"మంత్రిగారి వైపు తిరిగినవాణ్ణి పక్కకు తిప్పమంటావా? నీకు ఉద్యోగం అక్కర్లేదా?"

గుమాస్తా అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

తర్వాత అత్తగారు లేచింది. ఎనభై దాటిన మనిషి, సన్నగా, కొరడాలా ఉంది. అక్షరాల వైపు చూసింది. అంపైరు వైపు చూసింది. ఫ్లెక్సీ వైపు చూసింది. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది.

"గ" అంది. ఆగింది. "ఆ పైన నాకేం ఆనడంలేదు."

"అత్తయ్యగారూ, సరిగ్గా చూడండి!" అన్నారు మంత్రిగారు, కెమెరాల వైపు నవ్వుతూనే. "పొద్దున్నే కదా సూదిలో దారం ఎక్కించారు?"

"సూదికి నువ్వు అడ్డం లేవు నాయనా. ఇక్కడ ఎటు చూసినా నువ్వే. ఇంకేం కనపడుతుంది?"

ఎడమ తలుపు వైపు వెళుతూ ఆవిడ అంపైరు దగ్గర ఆగి గొంతు తగ్గించింది. "పట్టిక పక్కగోడకుంది బాబూ. కళ్ళొచ్చాక తీరిగ్గా చూసుకో."

మంత్రిగారు కప్పు అందజేశారు. దేశంలోకెల్లా చక్కగా కనపడే మనిషికి కంటి ఆపరేషన్ చేయిస్తున్న ఘనత తమ ప్రభుత్వానిదేనన్నారు. ఈలోగా టీవీలో ఆట మళ్ళీ మొదలైంది. అందరూ అటు తిరిగారు. కప్పు పట్టుకుని గుమ్మం ఎటుందో తెలియక నిలబడ్డ అంపైరును భార్య వచ్చి తీసుకెళ్ళింది.

వారం తిరక్కుండా ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. అంపైరు తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. చూపు రాగానే అటునుంచి అటే క్లబ్బుకు పోవాలని.

ఆసుపత్రి ప్రశాంతంగా ఉంది. వరండా పొడుగునా గదులకు తాళాలు. చివరి గదిలో ఒక్క దీపం. నర్సు ఆయన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టింది.

"కంటి డాక్టరుగారు వస్తున్నారా అమ్మా?" అని అడిగింది భార్య.

"ఆయనా? క్వార్టర్ ఫైనల్లోనే పోయారండీ. కిక్కురుమనకుండా ఇంటికెళ్ళిపోయారు, మంచివారు. ఇప్పుడొచ్చే డాక్టరుగారు ఫైనల్ గెలిచారు. మొన్నటిదాకా కింద అంతస్తులో ఉండేవారు. ఛాంపియన్!"

ఛాంపియన్ వచ్చారు. దీపం అంపైరు ముఖం మీదికి దించారు. ఇనప సామాను గలగలలాడింది.

"మొదటిసారా? భయపడకండి" అన్నారు ఆప్యాయంగా. "ఏదీ, నోరు తెరవండి."

అంపైరు దీపం వైపు చూడలేదు, డాక్టరు వైపు చూడలేదు. మెల్లగా, ఏమాత్రం తొందరలేకుండా, చూపుడువేలు పైకెత్తాడు.

"పై పన్నా?" అన్నారు డాక్టరుగారు, పటకారు అందుకుంటూ.