మధ్యాహ్నం లేచి నిలబడే కారు

మా వీధిలో అసాధారణమైనవి మూడున్నాయి. ఒకటి మా బావమరిది బుర్ర, రెండోది నా ఫ్రెంచి కారు, మూడోది నా కంటిచూపు. బుర్ర సంగతి వాడే చెప్పుకుంటాడు, కారు సంగతి మీరే చూస్తారు. కంటిచూపు సంగతి మాత్రం నేనే చెప్పుకోవాలి. డెబ్బై దాటినా సరే, వీధి చివర కరెంటు తీగ మీద వాలిన పిచ్చుక ఏ కాలి మీద ఒరిగి నిలబడిందో మా గుమ్మంలోంచి చెప్పగలను.

కారు నేను కొన్ననాడే పాతది. అమ్మినాయన చవగ్గా ఇచ్చేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. సంసారపక్షపు బండి. సీట్లు పరుపుల్లా ఉంటాయి, కిటికీలు గదికి పెట్టినంత పెద్దవి. స్ప్రింగులు లేవు, నూనే గాలీ కలిసి మోస్తాయి. అంచేత ఇంజను ఆపిన కాసేపటికి మెల్లగా కుంగి, నేలకు పొట్ట ఆనించి గేదెలా పడుకుంటుంది. తాళం తిప్పితే మొదట వెనక భాగం లేస్తుంది, ఆ తర్వాత తల ఎత్తుతుంది. హారను స్టీరింగు నడుమ ఉండదు. పక్కన లైట్లకోసం ఉన్న పుల్ల చివర నొక్కాలి. తెలియనివాళ్ళు స్టీరింగును గుద్ది గుద్ది చెయ్యి వాచిపోయి దిగుతారు. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, గోడకు కొట్టుకున్నట్టు ఆగుతుంది.

పద్నాలుగేళ్ళుగా నేను తోలని రోజు లేదు. పొద్దున్నే మా ఆవిణ్ణి కుట్టు దుకాణంలో దింపుతాను, ఒంటిగంటకు తీసుకొస్తాను. భోజనం చేసి రెండింటికి పడుకుంటే, నాలుగింటిదాకా ఇల్లు కూలినా లేవను.

అలాంటి నా జీవితంలోకి ఒక ఉత్తరం వచ్చింది. లైసెన్సు నెలాఖరుతో సరి, పొడిగించాలంటే కళ్ళ డాక్టరు సంతకం కావాలట. వెళ్ళాను. ఎదురుగా కనిపించిన అక్షరాలన్నీ గడగడా చదివేశాను. డాక్టరమ్మ ఓపిగ్గా ఆఖరిదాకా విని, నేను చదివింది గోడ క్యాలెండరని, బోర్డు దానికి ఎడంపక్క ఉందని చెప్పింది. సంతకం పెట్టలేదు. పిచ్చుక కాళ్ళ సంగతి ఇక మీరు మర్చిపోవచ్చు. అసలు అది పిచ్చుకో కాదో కూడా నేను ఖాయంగా చెప్పలేను.

ఆ ఉత్తరం మా ఆవిడ కంటపడితే కారు పని అయిపోయినట్టే. మీరు తోలడం మానేసిన మర్నాడు ఇది పాత ఇనుము కొట్టుకే అని ఆమె ఎన్నోసార్లు అంది. అంచేత దాన్ని కారు సొరుగులో, ఆ కారుతో వచ్చిన పుస్తకం కింద దాచాను. ఫ్రెంచి పుస్తకం గదా, ఎవరు తెరుస్తారని ధీమా.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం కారెక్కితే మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. ఎవరో సీటు జానెడు ముందుకు జరిపారు. అద్దంలో వెనక రోడ్డుకు బదులు నా గడ్డం కనబడింది. నేను నిద్రపోతున్నప్పుడు మా ఆవిడ ఎవరో కొనేవాళ్ళకి తోలి చూసుకోమని బండి ఇస్తోందన్నమాట. అడుగుదామంటే ఉత్తరం సంగతి బయటపడుతుంది. అడక్కపోతే కారు పోతుంది.

గతిలేక మా బావమరిది దగ్గరికి వెళ్ళాను. వాడు గడియారాలు బాగుచేస్తాడు. అది పైకి. లోపల వాడు డిటెక్టివు. పేరు డేగ. ఆ పేరు వాడు తనకు తనే పెట్టుకుని, దుకాణం తలుపు మీద రాయించుకున్నాడు. ఇంతకుముందు పక్కింటాయన గొడుగు మాయమైన కేసులో పదకొండు రోజులు శ్రమించి ఆ గొడుగును తన గుమ్మం వెనకే పట్టుకున్నాడు. కంటికి బిగించుకునే భూతద్దం తియ్యకుండానే నన్ను ఆపాదమస్తకం చూశాడు. ఆ అద్దంలోంచి నా చొక్కా బొత్తాం తప్ప ఇంకేమీ కనబడి ఉండదు.

"బావా, ఈ భూమ్మీద నేరస్తులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నేనింకా వెతకనివాళ్ళు" అన్నాడు.

"మొదటి రకం ఎంతమంది?" అన్నాను.

"అది రహస్యం."

మర్నాడు పొద్దున్న మా ఇంటి ముందు దర్యాప్తు మొదలైంది. వాడు కారు చుట్టూ మూడుసార్లు పాకాడు. గేరు పుల్ల తల మీద సన్నటి తెల్లపొడి కనబడింది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇది చాలా మేలురకం సరుకు, సముద్రాలు దాటి వచ్చింది అన్నాడు. మా పల్లెటూరి బడిలో నేను బలపాలూ సుద్దముక్కలూ నమిలి పెరిగినవాణ్ణి. ఆ రుచి నేను వాసన చూసి చెప్పగలను. కానీ డేగ ఆలోచనలో ఉన్నప్పుడు అడ్డు తగిలితే వాడికి ఎక్కిళ్ళు వస్తాయి.

తర్వాత టేపు పెట్టి కారు ఎత్తు కొలవడం మొదలెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి, దుకాణం మూసుకుని మరీ వచ్చేవాడు. మూడు రోజుల లెక్క తేలాక నన్ను గోడవారకి లాగాడు.

"రెండింటికి నేలకు బెత్తెడు. నాలుగింటికి మూరెడు. అర్థమైందా? రెండింటికి దీని నిండా సరుకు. నాలుగింటికి ఖాళీ. నువ్వు గురకపెడుతుంటే నీ కారు రెండేసి క్వింటాళ్ళు మోస్తోంది బావా."

"అది దాని తీరురా. ఆగి ఉంటే కూర్చుంటుంది, తిరిగొస్తే నిలబడి ఉంటుంది."

"అమాయకులు అలాగే అనుకుంటారు. ముఠాకి కావలసింది అదే."

మధ్యాహ్నంపూట కారు ఎక్కడికో వెళ్ళొస్తోందని మాత్రం ఆ కొలతతో నాకు రూఢి అయింది. నా భయం రెట్టింపయింది.

డేగ అంతటితో ఆగలేదు. ఈ కారు పేగులు తెలిసిన మెకానిక్కు ఊరంతటికీ ఒక్కడే. వాణ్ణి వెళ్ళి నిలదీశాడు. మధ్యాహ్నాలు ఎక్కడుంటున్నావని అడగ్గానే మెకానిక్కు చేతిలో పానా తన కాలిమీదే వేసుకున్నాడట. ఇంకేం, వాడు ముఠా మనిషేనని డేగ తీర్మానించి, గురువారం నాడు స్వయంగా ప్రాణాలకు తెగించాడు. అంటే, ఒకటీముప్పావుకి కారు వెనక సామాన్ల చోట ముడుచుకుని పడుకుని, పైన గళ్ళ దుప్పటి కప్పుకున్నాడు. ఆయుధంగా గడియారాలు విప్పే స్క్రూడ్రైవరు. దాని పొడవు అగ్గిపుల్లంత.

ఇక్కణ్ణించి వాడు చెప్పింది. ఎవరో ఎక్కారు. తాళం తిరిగింది. వాడి కింద నేల లేచింది. కారును క్రేనుతో ఎత్తుకుపోతున్నారనుకుని నాలిక కరుచుకున్నాడు. దుప్పట్లో చెవులు మూసుకుపోయి సరిగ్గా వినబడలేదు కానీ, మెకానిక్కు గొంతు మాత్రం పట్టుకున్నాడు. ఇవాళ తేడా వస్తే మళ్ళీ మూడు నెలలే అన్నాడట మెకానిక్కు. జైలు శిక్ష గురించే అని డేగ తేల్చుకున్నాడు. కొంతదూరం పోయాక కారు ఆగింది. మెకానిక్కు దిగిపోయాడు. బరువైన మనిషి ఇంకొకాయన ఎక్కాడు. అతను పొడిపొడిగా, ఎడమకు తిప్పండి, కుడికి తిప్పండి అని ఆజ్ఞలు ఇస్తుంటే తోలేవాళ్ళు నోరెత్తకుండా తిప్పుతున్నారట. ముఠా నాయకుడంటే ఇతనేనని డేగకి తెలిసిపోయింది. చివరికి నాయకుడు, ఈ రోడ్డు మీద ఎవరూ లేరు, వేగం పెంచండి, నేను చెయ్యి చరిచానంటే అంతే అన్నాడు.

అంతే అన్న మాట వినగానే డేగ నరాలు తెగాయి. గళ్ళ దుప్పటి నెత్తిమీదుండగానే లేచి, అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు చాచి, "కదిలారంటే పొడిచేస్తాను" అన్నాడు.

కారు గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. డేగ ఆగలేదు. సీట్ల మీదుగా ఎగిరొచ్చి, ముందున్న ఇద్దరి మధ్యా తలకిందులుగా దిగబడ్డాడు. కంటికి బిగించిన భూతద్దానికి ఎదురుగా నాయకుడి చేతిగడియారం ఉంది.

"ఇది ఆరు నిమిషాలు వెనకుంది" అన్నాడు డేగ, అలవాటు కొద్దీ.

"ఒరే, నువ్వా?" అంది తోలుతున్న మనిషి.

"అక్కా, నువ్వా?"

ఆ బరువైన మనిషి లైసెన్సు పరీక్షలు పెట్టే ఆఫీసరు. మెకానిక్కు అన్న మూడు నెలలు, తప్పితే మళ్ళీ పరీక్షకు ఆగాల్సిన గడువు. హఠాత్తుగా అడ్డమొస్తే ఎంత తొందరగా ఆపగలరో చూసేందుకు డాష్‌బోర్డు మీద చరుద్దామని చెయ్యెత్తాడు. ఇంకా చరవలేదు. ఈలోపే మా ఆవిడ ఆపేసింది. ఆపడమే కాదు, ఆ కంగారులో కూడా స్టీరింగును గుద్దకుండా పుల్ల చివర నొక్కి హారను కొట్టింది. ఇలాంటి కారులో అది సరిగ్గా నొక్కినవాళ్ళను తన సర్వీసులో చూడలేదని ఆఫీసరు అన్నాడు. కాగితం మీద, ముందుచూపు ఉంది అని రాసి, గడియారం సరిచేయించుకోవడానికి దుకాణం ఎక్కడో కనుక్కుని దిగిపోయాడు.

నాలుగింటికి ముగ్గురూ ఇంటికొచ్చారు. మెకానిక్కు కుంటుతున్నాడు. డేగ నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.

"కేసు తేలింది బావా. ముఠా నాయకురాలు మా అక్క. తెల్లపొడి కుట్టుసుద్ద. నాకు మొదట్నుంచీ అనుమానమే."

మా ఆవిడ చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నా ఉత్తరమే. ఇంజను నూనె ఏ రకమో చూద్దామని మెకానిక్కు ఆ ఫ్రెంచి పుస్తకం తీసినప్పుడే ఇది జారి ఆమె కాళ్ళ దగ్గర పడిందట. ఆ మర్నాటినుంచే మధ్యాహ్నాలు వాడి దగ్గర కారు తోలడం నేర్చుకుందట.

నేను నేల చూపులు చూశాను. "నువ్వు కారు అమ్మేస్తావనుకున్నాను."

"మీ కళ్ళు పనికిరాకపోతే కారేం చేసింది? నన్ను దుకాణం దగ్గర ఎవరు దింపుతారు?"

"ఇప్పుడు ఎవరు దింపుతారు?"

"నన్ను నేనే దింపుకుంటాను. మీరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. ఎలాగూ రోడ్డు చూసేవారు కాదు గదా."

అప్పట్నుంచి అదే జరుగుతోంది. పక్క సీటు ఇంత మెత్తగా ఉంటుందని పద్నాలుగేళ్ళూ నాకు తెలియదు. డేగ దుకాణానికి బేరం పెరిగింది. బొప్పి తగ్గినా వాడు కట్టు విప్పడం లేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది, చెప్పేస్తాను. ఆఫీసరు మాటలు కాదు, దుప్పటీ కాదు. అవి నిజాలు. నా మధ్యాహ్నం నిద్ర అబద్ధం. అమ్మేస్తుందన్న భయం నిజమే కానీ, ఆ భయంతో నిద్ర పట్టక, డేగ కొలతలు తేలిన మూడోరోజున కళ్ళు మూసుకుని గురక నటిస్తూ విన్నాను. కారు లేచింది. గేరు గరగరమంది. వెంటనే మా ఆవిడ గొంతు, "తప్పు నాదేలే" అని గేరుకు చెబుతోంది. కారు కొనేవాళ్ళెవరూ గేరును బతిమాలరు గదా. ఆ మర్నాటినుంచి రోజూ అలాగే పడుకుని వినేవాణ్ణి. రోజురోజుకీ ఆ గరగర తగ్గుతూ వచ్చింది. గురువారంనాడు మాత్రం ఏమీ వినబడలేదు. కారు వెళ్ళిందో లేదోనని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. వీధి చివర ఏదో మలుపు తిరుగుతోంది. అది నా కారేనని అంతదూరం నుంచీ గుర్తుపట్టాను. నా చూపు అలాంటిది.