అత్తగారి సపోర్ట్ లైను

ఆ ఉదయం గీతలాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి ఖాతాదారుల ముందు నిలబడాలి, సంవత్సరాంతానికి మార్కెట్ ఎటు పోతుందో చార్టు చూపించి చెప్పాలి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవాలి. షేర్ల కంపెనీలో చార్టుల మీద గీతలు గీసి జోస్యం చెప్పడమే ఆయన ఉద్యోగం కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. నిరుడు ఆయన పెరుగుతుందన్నదల్లా పడింది, పడుతుందన్నదల్లా పెరిగింది. "ఈసారి కూడా తేడా వస్తే మళ్ళీ కింద కౌంటర్లో ఫారాలు నింపుకుందువుగాని" అని ఛైర్మన్ ముఖం మీదే చెప్పేశాడు. పన్నెండేళ్ళు కిందామీదా పడి ఎక్కిన మెట్లు మళ్ళీ దిగాలంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టుంది.

ఆయనకో పిచ్చి ఉంది. కంటికి కనిపించిన ప్రతిదానికీ చార్టు గీస్తాడు. తమతోనే ఉంటున్న అత్తగారి బీపీకి కూడా ఏడాదిగా రోజూ గీస్తున్నాడు. పైగా ఏ చార్టులోనూ కింద తేదీలు తప్ప పక్కన విలువలు ఉండనివ్వడు. "అంకెలు చూస్తే జనం భయపడతారు, ఆకారం చూస్తే అర్థం చేసుకుంటారు" అంటాడు. అంటే అన్నాడు గానీ, ఆ ఉదయం హడావిడిలో ఒకేలా ఉన్న రెండు పెన్‌డ్రైవుల్లో ఒకటి భార్య చేతిలో పెట్టి, "అత్తయ్యని తీసుకెళ్తున్నావుగా, డాక్టరుగారికి ఇది చూపించు" అని, రెండోది జేబులో వేసుకుని పరిగెత్తాడు.

హాల్లో ఛైర్మన్‌తో సహా రెండొందల మంది కూర్చున్నారు. తెర మీద చార్టు వెలిగింది. ఆకారం బాగా ఎరిగినదే కావడంతో గీతలాయన రెచ్చిపోయాడు. "చూశారా, మూడుసార్లు కిందికొచ్చింది. మూడుసార్లూ ఈ గీత దగ్గరే ఆగింది. దీన్నే సపోర్ట్ అంటాం!"

"మరి మార్చిలో అంత ఎత్తు ఎగిరిందేం?" అని ముందు వరుసలోని బట్టల కొట్టాయన అడిగాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. భార్య.

"ఏవండీ, అమ్మని అడ్మిట్ చేసేయాలంటున్నారు! ఏడాదంతా పైపైకే పోయిందట, మీ చార్టు చూసి డాక్టరుగారికే చెమటలు పట్టాయి. చూస్తే బీపీ మామూలుగానే ఉంది. మెషిన్ పాడైందని మూడోది తెప్పిస్తున్నారు!"

గీతలాయన మెల్లగా తెర వైపు తిరిగాడు. మార్చిలో ఎగిరింది మార్కెట్ కాదు. తను అత్తగారికి కారు నడపడం నేర్పిన వారం అది! కాలరుకు మైకు ఉందన్న సంగతే మరిచిపోయి అరిచాడు.

"వద్దొద్దు, తొందరపడొద్దు! రోజూ చూస్తున్నది నేను. సపోర్ట్ గట్టిగా ఉంది. ఏమీ చేయకుండా నోరుమూసుకుని ఇంటికొచ్చేయండి!"

హాలంతా గుసగుసలు గుప్పుమన్నాయి. "ఎవరో పెద్ద పార్టీ అయ్యుంటుంది. అంతా అమ్మేసుకోబోతుంటే ఆపేశాడు!" "వాళ్ళని అంత మాటన్నాడంటే ఎంత ధైర్యం ఉండాలి!" క్షణాల్లో అందరూ ఫోన్లు తీసి, అమ్మమని పొద్దున చెప్పినవన్నీ వద్దనేశారు.

బట్టల కొట్టాయన మాత్రం వదల్లేదు. "అయితే మార్చి సంగతి?"

"బయటి ఒత్తిడండీ. మళ్ళీ ఆ పని చచ్చినా చేయను."

"సంవత్సరాంతానికి?"

"కదిలించకుండా ఉంటే ఎక్కడున్నది అక్కడే ఉంటుంది."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

తర్వాత వారం మార్కెట్ దబ్బున పడింది. ఊళ్ళో నిపుణులంతా అమ్మేయమని గగ్గోలు పెట్టారు. గీతలాయన మాట విన్నవాళ్ళు మాత్రం కదల్లేదు. ఏడాది చివరి రోజుకి మార్కెట్ బుద్ధిగా లేచొచ్చి, పడకముందు ఉన్నచోటే నిలబడింది. బట్టల కొట్టాయన పూలదండ పట్టుకొచ్చి అందరి ముందూ గీతలాయన మెడలో వేశాడు.

ఛైర్మన్ పిలిచి ముఖ్య విశ్లేషకుడిగా నియమిస్తూ కాగితం చేతికిచ్చాడు. పట్టలేని సంతోషంతో పాటు గీతలాయనకు భయమూ వేసింది. ఇక దాచలేకపోయాడు.

"సార్, ఆ రోజు చూపించింది మార్కెట్ చార్టు కాదు. మా అత్తగారి బీపీ."

"తెలుసయ్యా. మార్కెట్‌కి ఆదివారం సెలవు. నీ చార్టులో ఆదివారాలు కూడా ఉన్నాయి."

"మరి అప్పుడే ఆపలేదేం సార్?"

"నీ అసలు చార్టులు నిరుడు చూశాను కదా!"

ఇప్పుడు రోజూ మార్కెట్ తెరవడానికి పది నిమిషాల ముందు ఛైర్మన్ ఫోన్ చేసి, అత్తగారి ఆరోగ్యం ఎలా ఉందని ఎంతో ఆప్యాయంగా అడుగుతున్నాడు.