బంతి లేని ఫోటోలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ తర్వాతరావుగారనే పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది ఎవరికీ గుర్తులేదు. చేసే పని గడియారాల రిపేరు. అందరి టైమూ సరిచేసే ఆ మహానుభావుడు కెమెరా చేతబట్టాడంటే మాత్రం, జరగాల్సిందంతా జరిగిపోయాకే మీట నొక్కుతాడు.

ఆయన భార్య బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచర్. "ఆవిడ పిచర్, ఈయన పిక్చర్" అని వీధిలోవాళ్లు నవ్వుకుంటారు. ఆవిడ ఆడిన ప్రతి మ్యాచ్‌కీ ఈయన ఫోటోలు తీశాడు. బీరువా నిండా ఆల్బమ్‌లే. చాచిన చెయ్యి ఉంది, ఎగిరిన జడ ఉంది, లేచిన దుమ్ము ఉంది. బంతి మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. తెలియనివాళ్లు చూస్తే, పాపం ఈవిడకి బస్సు తప్పిపోయినట్టుంది అనుకుంటారు.

ఇలా ఉండగా డాక్టరు ఆవిడ మోచేయి నొక్కి చూసి, ఈ సీజనుతో ఆట ఆపెయ్యమన్నాడు. ఆదివారం ఫైనల్సే ఇక ఆఖరి మ్యాచ్.

"ఏమండీ, బంతి నా వేళ్లని వదులుతున్న ఫోటో ఒక్కటి తీసిపెట్టండి. నాకింకేం వద్దు" అంది ఆవిడ.

"ఒక్కటేం ఖర్మ! ఆల్బమ్ నింపేస్తాను."

"ఆల్బమ్ నింపడం మీకు కొత్త కాదు. బంతి ఉండేట్టు చూడండి."

తర్వాతరావుకి రోషం పొడుచుకొచ్చింది. రోషం వెనకాలే కుతూహలం కూడా వచ్చింది. బంతి కనబడ్డాక నొక్కితే ఆలస్యమైనట్టే, రాబోతోందని పసిగట్టి నొక్కాలి అని ఆయన కొనితెచ్చుకున్న ఫోటోగ్రఫీ పుస్తకంలో రాసి ఉంది. బంతి వెళ్లే వైపు ఫ్రేములో కాస్త ఖాళీ వదలాలట. ఖాళీ వదలడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పసిగట్టడమే రాదు. అసలు విసరబోయే మనిషి ఒంట్లో ముందు ఏది కదులుతుంది? భుజమా, మోకాలా, కనుబొమా?

ఇంట్లోనే గూఢచర్యం మొదలుపెట్టాడు. భార్య మాసిన మేజోళ్లు బకెట్లోకి విసురుతుంటే తలుపు చాటునుంచి చూశాడు. తాళాలు సోఫా మీదికి విసురుతుంటే కర్టెన్ వెనకనుంచి చూశాడు.

"కర్టెన్ వెనక ఏం చేస్తున్నారండీ?"

"ఉతకాలేమోనని చూస్తున్నా."

"దానికి కెమెరా ఎందుకు?"

"మురికి దగ్గరగా కనబడద్దూ?"

మర్నాడు ధైర్యం చేసి, "ఆ ఉల్లిపాయ ఇలా విసురోయ్, పట్టుకుంటా" అన్నాడు. ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో క్యాచ్. ఉల్లిపాయ రెండు చేతులకీ మధ్యనుంచి దూసుకొచ్చి నుదుటికి తగిలింది. బొప్పి కట్టింది. కానీ ఆ క్షణంలోనే ఆయన కనిపెట్టేశాడు. గట్టిగా విసిరే ముందు ఆవిడ నాలుక కొస పెదాల మధ్యనుంచి బయటికొస్తోంది! మెల్లగా విసిరినప్పుడు రావడంలేదు. మేజోళ్లతో చూశాడు, తాళాలతో చూశాడు, దిండుతో కూడా చూశాడు. ప్రతిసారీ అంతే.

ఇంత పెద్ద రహస్యం కడుపులో పెట్టుకుంటే ఆయనకి అన్నం సహిస్తుందా? పొద్దున్నే పక్కింటి వకీలుగారిని గోడ దగ్గరికి పిలిచాడు.

"నాలుక వచ్చిందంటే బుల్లెట్టే! రాకపోతే నిదానం బంతి. మూడో కంటికి తెలియకూడదు సుమండీ."

"నా నోట్లోంచి ఒక్క మాట రాదు" అన్నాడు వకీలు.

ఆ మాట వచ్చింది, వాళ్లావిడ దగ్గర వచ్చింది. ఆవిడ అవతలి జట్టులో అందరికన్నా గట్టిగా కొట్టే మనిషి. ఆ సంగతి గోడ దగ్గర తర్వాతరావుకి గుర్తుకు రాలేదు.

ఆదివారం మొదటి బంతికే నాలుక బయటికొచ్చింది. ఆయన మీట నొక్కబోయాడు. అంతలో ఠప్పుమని శబ్దం. బంతి కంచె దాటింది. జనమంతా ఒక్కసారి లేచారు, ఫోటోలో ఎవరిదో గొడుగు పడింది. తర్వాత వచ్చినవాళ్లు కూడా బంతి ఎలా వస్తుందో ముందే చెప్పించుకున్నట్టు కొడుతున్నారు. అందరి చూపూ పిచర్ నోటి మీదే ఉంది. తర్వాతరావుకి అప్పుడర్థమైంది. భార్య ఆఖరి ఆటని తన నోరే ముంచుతోంది! కంగారులో కెమెరాని అటూ ఇటూ తిప్పేశాడు. ఫోటోల్లో మైదానమంతా పాలు పొంగినట్టు వచ్చింది.

వీళ్ల జట్టూ గట్టిగానే కొట్టబట్టి, చివరికి ఒకే ఒక్క పరుగు ముందుంది. అవతలివాళ్లలో ఇంకొక్కరు అవుటైతే గెలుపు వీళ్లది. కానీ వాళ్లవాళ్లు ఇద్దరు మధ్యలో పరుగుకి సిద్ధంగా ఉన్నారు, ఒక్క దెబ్బ పడితే గెలుపు వాళ్లది. బ్యాటు పట్టుకుని వకీలుగారి భార్య వచ్చి నిలబడింది. మూడు మంచి బంతులు కొట్టలేకపోతే ఆవిడ అవుటే.

నాలుక బయటికొచ్చింది. బుల్లెట్టే అనుకుని ఆవిడ బ్యాటు ఝాడించింది. బంతి తీరిగ్గా, నడకకి బయల్దేరినట్టు వచ్చింది. బ్యాటు గాల్లో తిరిగింది. రెండోసారి నాలుక రాలేదు. నిదానం బంతి కోసం ఆవిడ కాచుకుంది. బుల్లెట్ వెళ్లిపోయింది. మూడోసారి నాలుక కాస్త బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లి, మళ్లీ వచ్చింది. ఏది నమ్మాలో తోచక ఆవిడ గుంజలా నిలబడిపోయింది. బంతి నడుమెత్తున నేరుగా పోయి, ఆవిడ వెనక కాచుకున్న క్యాచర్ చేతిలో పడింది.

గెలిచారు! జట్టంతా పరుగెత్తుకొచ్చి పిచర్‌ని భుజాలకెత్తుకుంది. తర్వాతరావు వేలు మీట మీదే ఉంది. ఆయనా ఏది నమ్మాలో తోచక నొక్కలేదు.

ఇంటికొచ్చాక తల వంచుకుని నిజం చెప్పేశాడు. "వకీలుకి నేనే చెప్పాను. నీ ఆట పాడుచెయ్యబోయాను."

భార్య మోచేతికి ఐసు పెట్టుకుంటూ కిసుక్కున నవ్వింది. "మేజోళ్లు విసరడానికి నాలుక బయటపెట్టే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా?"

"అంటే?"

"అంటే ఏముంది? కర్టెన్ కింద మీ కాళ్లు కనబడ్డాయి, కావాలనే నాలుక చూపించాను. మీకు తెలిస్తే వకీలుగారికి తెలుస్తుంది, ఆయనకి తెలిస్తే వాళ్లావిడకి తెలుస్తుంది. మొదట్లో నమ్మేలా ఆడాను, చివర్లో తిప్పేశాను."

"మరి ఫోటో?" అన్నాడు తర్వాతరావు దీనంగా.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఫోటో కావాలనే అనుకున్నానండీ. గెలుపు ఇంకొంచెం ఎక్కువ కావాలనిపించింది."

ఆ మాటకి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఖాళీ మైదానానికి వెళ్లారు. "ఒక్కటే వేస్తాను, మెల్లగా. నా మొహం చూడకండి, చెయ్యి చూడండి" అందావిడ. ఆయన ఊపిరి బిగబట్టి చెయ్యినే చూశాడు. నొక్కాడు.

ఫోటో అద్దంలా వచ్చింది. వేళ్లున్నాయి, వేళ్ల చివర్న అప్పుడే వదిలిన బంతి ఉంది, దాని కుట్లు కూడా లెక్కపెట్టచ్చు. ముందర కావలసినంత ఖాళీ ఉంది. కిందికి మోచేయి, భుజం అన్నీ ఉన్నాయి. తల లేదు.

"నేనేనని ఎవరు నమ్ముతారండీ?" అంది ఆవిడ, ఫోటోని గుండెకి హత్తుకుంటూనే.

"వీధి వీధంతా తిరిగి నేను చెప్తాగా" అన్నాడు తర్వాతరావు.

"మీరెందుకూ తిరగడం? వకీలుగారికొక్కరికి చెప్పండి, రహస్యమని."