పది సెకన్లు ముందుకి

దమ్మపేట చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు వదలడమూ ఆపడమూ రాందాస్ చేతిలో పని. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. అంతటి చేతికి ఇంట్లో టీవీ రిమోటు మాత్రం దక్కేది కాదు. అది భార్య ఉషారాణి కొంగు కింద ఉండేది.

రాందాస్‌కు అనిమే పిచ్చి. జపాను వాళ్లు తీసే బొమ్మల సీరియళ్లు. డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి ఫోనులో మొదలుపెట్టాడు. ఇప్పుడు అవే అతనికి నిద్ర లేకుండా చేస్తున్నాయి. అతను ప్రాణంగా చూసే రాక్షసుల కోట కథ చివరికొచ్చింది. అంత పెద్ద కోట కూలడాన్ని అరచేతిలో చూడటమంటే, వేలితో జుర్రుకోవాల్సిన తాటిముంజెను స్పూనుతో తిన్నట్టే.

"ఆదివారం పగటిపూట ఒక్క గంట టీవీ నాకియ్యి ఉషా," అన్నాడు.

"గా బొమ్మలల్ల ఏముంటదో నాకు తెల్వదా? నీ ఫోను చార్జింగు పెడుతుంటే చూసిన. యుద్ధానికి పోయే ఆడమనిషికి గుండీలు కుట్టేటోడే దొరకలేదా?"

"అది కళ."

"కళ అయితే నేను రాంగనే ఫోను ఎందుకు బోర్లేస్తవ్?"

దాన్ని ఫ్యాన్ సర్వీస్ అంటారనీ, చూసేవాళ్లను కూర్చోబెట్టడానికి కథకు అక్కర్లేకపోయినా అలాంటివి వేస్తారనీ, తను మాత్రం కథ కోసమే చూస్తాననీ రాందాస్ వివరించాడు. వివరించేకొద్దీ అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఉషారాణి తీర్పు చెప్పింది. "ఈ ఆదివారం నేను, అత్తమ్మ నీతోని కూసుంటం. మంచిగుంటే గంట నీది. లేకుంటే ఫోన్ల కెళ్లి గూడ తీసెయ్యాలె."

అంటే కోట కూలడం ఇక ఎక్కడా చూడలేడు.

తల్లి హేమ్లి వల్ల రాందాస్‌కు భయం లేదు. తండ్రి గోప్యా పోయి ఏడాది కాలేదు. అప్పటినుంచి తల్లి టీవీ ముందు కూర్చునేది గానీ, చూసేది కాదు. ఆమె నవ్వు ఎలా ఉండేదో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

భయమంతా ఉషారాణితోనే. అందుకు రాందాస్ ఒక ఉపాయం పన్నాడు. రిమోటులో ఒక మీట ఉంది. నొక్కితే బొమ్మ పది సెకన్లు ముందుకు దూకుతుంది. ప్రమాదం ఉన్న చోటల్లా నొక్కేస్తే సరి. కోట కూలడానికి ముందు భాగం పెట్టాలని, అంతదాకా వచ్చిన సీరియల్ అంతా మళ్లీ చూసి, ఎక్కడెక్కడ దూకాలో బట్టీ పట్టాడు. సబ్‌స్టేషన్‌లో గాలిలో వేలు ఆడిస్తూ సాధన చేశాడు. తోటి ఆపరేటరు ప్రభాకర్ అది చూసి, "బొటనవేలికి వాతమా అన్నా? దవాఖానాకు పోరాదే?" అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఆ గంటకు రిమోటు రాందాస్ చేతికొచ్చింది. అత్తాకోడళ్లు చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. రాక్షసులు కోట మీద పడ్డారు. మహిళా సేనాధిపతి డేరాలోకి వెళ్లి కవచం మీద చెయ్యి వేసింది. రాందాస్ నొక్కాడు.

"డేరాల ఉన్నామె గుర్రం ఎప్పుడెక్కింది?" అంది ఉషారాణి.

"జపానోళ్లు జల్దీ మనుషులు."

వైద్యురాలు ఆమె భుజం మీది గాయానికి కట్టు విప్పబోయింది. రాందాస్ నొక్కాడు.

"గాయం గప్పుడే మానిందా?"

"మంచి మందు."

అంతలో వేడినీళ్ల గుండం వచ్చింది. రాందాస్ నొక్కాడు. అడవి అంచున నెట్‌వర్క్ దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది, ఇష్టమొచ్చినప్పుడు పోతుంది. సరిగ్గా అప్పుడే పోయింది. బొమ్మ ఆగిపోయింది. గుండంలో సేనాధిపతి, చుట్టూ ఆవిరి. ఆవిరి చాలా పొదుపుగా ఉంది.

మళ్లీ నొక్కాడు. సున్నా ఒకటి గిర్రున తిరిగింది. భుజం మీది తువ్వాలు తీసి, "దుమ్ము పట్టింది" అంటూ టీవీకి అడ్డంగా నిలబడి తుడిచాడు. తుడిస్తే ఇంకా స్పష్టంగా కనబడింది. చివరికి వెనక చెయ్యి పెట్టి ప్లగ్గు పీకేశాడు. కూలరు ఆగిపోయింది. ఊళ్ల లైన్లన్నీ తెలిసిన మనిషికి ఇంట్లో రెండు ప్లగ్గుల తేడా తెలియలేదు.

"జరుగు బిడ్డా," అంది హేమ్లి.

"నెట్టు లేదు యాడీ," అన్నాడు తల్లితో.

"జరగమంటున్న." రాందాస్ పక్కకు జరిగాడు. ఆమె చింతపండు పక్కన పెట్టి తెరవైపు చూసింది. "రాక్షసులు మీద పడ్డంక ఈమెకు ఇప్పుడు స్నానమేంది?"

ఆమే మళ్లీ అందుకుంది.

"మీ నాయన గూడ గిట్లనే. ఊర్ల నాటకం ఆడిస్తే, యుద్ధం సీను ముంగట డ్యాన్సోళ్లను దింపేటోడు. లేకుంటే జనం లేసి ఇండ్లకు పోతరంటుండె. ఒకనాడు రాజు చచ్చి పడి ఉండంగనే దింపిండు. చచ్చిన రాజు తల ఎత్తి చూసిండు."

చెబుతూ చెబుతూ హేమ్లి నవ్వింది. నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉషారాణి చేతిలోని చింతపండు అలాగే ఉండిపోయింది. రాందాస్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటేనని అందరూ అనుకున్నారు. కూలరు లేదు కదా.

తీర్పు మాత్రం మిగిలే ఉంది. "బొమ్మతోని నాకు తకరారు లేదు," అంది ఉషారాణి. "నీ వేలుతోనే. బొమ్మ రాకముందే లేస్తున్నది. ఎన్నిసార్లు చూసినవ్?"

"ఒక్కసారే."

"పెండ్లిరోజు ఎన్నడో ఏటా నన్నే అడుగుతవ్. ఒక్కసారికే ఇదంత యాదికుంటదా?"

రాందాస్ కూలరు ప్లగ్గు పెట్టడానికి వెళ్లాడు. అది అత్యవసరమని అతనికి తోచింది.

"సరే, ఆదివారం గంట దీనికే ఇస్తున్న," అంది ఉషారాణి. రాందాస్ ముఖం వెలిగింది. "మొదటికెళ్లి పెట్టు. నేను, అత్తమ్మ చూస్తం. నీకు అంత తెల్సు గదా, నువ్వు పోయి చాయ పెట్టు."

నెట్‌వర్క్ వచ్చాక మొదటి భాగం పెట్టి, రాందాస్ చాయ పెట్టాడు. వంటింట్లోకి కత్తుల చప్పుడే వినిపించింది. గ్లాసులు పట్టుకొని వచ్చేసరికి మొదటి యుద్ధం జోరు మీద ఉంది. కండలు తిరిగిన కత్తివీరుడి చొక్కా నిలువునా చిరిగిపోయింది. ఆ వీరుడి చొక్కా ప్రతి యుద్ధంలోనూ చిరుగుతుంది. రాందాస్ దాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

పెద్దావిడ ఉందని మర్యాదకు రిమోటు మీద చెయ్యి వేయబోయాడు. ఉషారాణి రిమోటును అటువైపుకు జరిపింది.

"కూసో బిడ్డా," అంది హేమ్లి, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇది కథల ఉండాల్సిందే."